మోటారు తిరుగును, నీరు రాదు: ఇంటి బావి పంపును పరీక్షించుట

స్విచ్చి వేసితిమి, మోటారు తిరుగుచున్నది, తొట్టిలో చుక్క నీరు పడదు. మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో వేసవి వచ్చినదనగా ఇంటింట వినబడు ఫిర్యాదు ఇది. వెంటనే ఇంటిలో ఒక మాట పుట్టును: “మోటారు కాలిపోయినది.” ఆ మాటను నమ్మి మోటారును విప్పించి, పట్టణమునకు మోయించి, వైండింగు మార్పించి, తిరిగి తెచ్చి బిగించిన పిదపను నీరు రాని యిండ్లను మేము చూచియున్నాము. లేని రోగమునకు మందు వేసినచో ఉన్న రోగము పోవునా? చక్కగా తిరుగుచున్న మోటారు కాలిన మోటారు కాదు. ఈ ఒక్క మాటను ఇంటిలో ఒక్కరు నిబ్బరముగా చెప్పగలిగినను కొన్ని వేల రూపాయలు మిగులును. ఆ ఒక్కరు మన పాఠశాలలో భౌతికశాస్త్రము చదువుచున్న బాలుడో బాలికయో ఏల కారాదు? తల్లిదండ్రులును ఈ పాఠమును చదువవలెనని కోరుచున్నాము. తెలుగులిపి రాని పెద్దలకు పిల్లలు చదివి వినిపింతురు గాక.

ముందుగా పంపు చేయు పని యేమో తెలిసికొందము. మన తాతల కాలమున కపిల ఉండెడిది. ఎద్దులు ఏటవాలు బాటలో క్రిందికి నడచుచుండగా మోకు లాగబడి, కపిలబాన నీటితో పైకి వచ్చెడిది. అచ్చట నీటిని లాగినది ఎద్దు. అందు సందేహము లేదు. గట్టుపై నున్న పంపును చూచియు మనము అట్లే “పంపు నీటిని లాగుచున్నది” అందుము. మాటవరుసకు అది సరియే గాని నిజము వేఱు. నీటిని పట్టి లాగుటకు పంపునకు చేయి లేదు, మోకు లేదు. అది తన గొట్టములోని ఒత్తిడిని తగ్గించును, అంతే. బావిలోని నీటిపై మన కంటికి కానరాని గాలి బరువు మోపియున్నది. గొట్టము లోపల ఒత్తిడి తగ్గగానే ఆ వెలుపలి గాలి నీటిని గొట్టములోనికి నెట్టును. బావినుండి పంపువఱకు నీటిని ఎక్కించునది గాలియే. పంపునకు చేరిన నీటిని మేడమీది తొట్టికి త్రోయుట మాత్రము పంపు పని.

ఎలనీరు గొట్టముతో త్రాగునపుడు జరుగునదియు ఇదియే. ఆ గొట్టమునకు పైభాగమున సూదితో రెండు మూడు రంధ్రములు పొడిచి త్రాగి చూడుడు. ఎంత పీల్చినను నోటికి గాలియే వచ్చును. బావి పంపు జబ్బులలో పెక్కింటికి మూలము ఈ సూదిరంధ్రమే. పనివారు దీనిని “గాలి పట్టినది” అందురు. శిక్షణ పొందిన రోజులలో చిత్తూరు సీమలో మేము వినిన మాటయు అదియే. పుస్తకములోని “వాతావరణ పీడనము” అను పెద్దమాటకును, బావిగట్టున వినబడు ఈ చిన్నమాటకును చుట్టరికము కలదని మీరు తెలిసికొనిన చాలును. తక్కినదంతయు దానినుండియే వచ్చును.

గాలి నెట్టుడునకు ఒక హద్దు కలదు. పీల్చు పంపు సుమారు 18 మూరలకు, అనగా ఇంచుమించు 10 మీటర్లకు మించి నీటిని ఎక్కింపజాలదను సంగతిని గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. అయితే నీటికంబము తన బరువుచే త్రాడువలె తెగిపోవుచున్నదని ఆయన యెంచెను. ఆయన శిష్యుడైన టారిచెల్లి 1643లో పాదరసముతో పరీక్షించి అసలు కారణమును పట్టెను. గాలి 76 సెంటీమీటర్ల పాదరసమును మాత్రమే నిలుపగలదు. పాదరసము నీటికంటె 13.6 రెట్లు బరువు. 76ను 13.6తో హెచ్చించిన 1033.6 సెంటీమీటర్లు, అనగా 10.3 మీటర్లు వచ్చును. 1648లో పాస్కలు కోరికపై ఆయన బావమఱది పాదరసపు గొట్టముతో ఫ్రాన్సు దేశమున ఒక కొండ యెక్కెను; ఎక్కినకొలది పాదరసము దిగెను. ఎత్తు పెరిగినకొలది పైనున్న గాలి బరువు తగ్గును గదా!

ఈ కొండకథకును మన బావికిని సంబంధము కలదు. యానాము సముద్రతీరమునకు సమీపమున నున్న ఊరు. అచ్చటి పంపునకు హద్దు 10.3 మీటర్లు. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చట ఆ హద్దు 9.3 మీటర్లకు దిగును. ఇది లెక్కలోని మాట. గొట్టములో రాపిడి, మూలమలుపులు, కొద్దిపాటి గాలిచొరవ అన్నియు పోగా గట్టుపంపు తీరమున 7 మీటర్లు, మన యెత్తున 6 మీటర్లు పీల్చిన సంతోషింపవలెను. కావున నీరు రానపుడు మొదట చేయవలసిన పరీక్షకు పనిముట్టు ఒక త్రాడు, ఒక రాయి. త్రాటికి రాయి కట్టి, గట్టుమీదినుండియే నీటివఱకు దింపి, తడిసిన గుర్తును చూచి కొలువుడు. పంపు నడిమి మట్టమునుండి నీటివఱకు 6 మీటర్లు దాటినచో మోటారును నిందింపరాదు, పంపును నిందింపరాదు. నీటిమట్టము దిగినది. ఈ కొలతను నెలకొకమాఱు నోటుపుస్తకమున వ్రాసియుంచు విద్యార్థి ఇంటివారికి, ఏ నెలలో ఇక్కట్టు వచ్చునో ముందుగనే చెప్పగలడు.

వీధులలోని ఇండియా మార్కు 2 చేతిపంపు మఱి 40 మీటర్ల లోతునుండియు నీరు తెచ్చుచున్నదే యని అడుగవచ్చును. మంచి ప్రశ్న. ఆ పంపు యొక్క సిలిండరు పైన లేదు. అది నీటిలోనే మునిగియున్నది. పిడి నొక్కినపుడు పొడవైన కడ్డీలు క్రిందనున్న ముషలకమును ఎత్తగా, దానిపై నిలిచిన నీరును లేచును. గాలి సాయము దానికి అక్కఱ లేదు. బోరులోని సబ్‌మెర్సిబులు మోటారును అట్టిదే: నీటిలో కూర్చుండి నీటిని పైకి త్రోయును.

ఇక గట్టుపై నుండు మోనోబ్లాకు పంపు సంగతి. దాని కేసింగులో ఇంపెల్లరు అను రేకులచక్రము తిరుగును. చక్రము నీటిని అంచునకు విసరగా నడుమ ఒత్తిడి తగ్గును. ఆ తగ్గుదలయే క్రిందినుండి నీటిని రప్పించును. కాని కేసింగులో నీటికి బదులు గాలి యున్నచో? గాలి నీటికంటె సుమారు 800 రెట్లు తేలిక. చక్రము ఎంత వడిగా తిరిగినను అంత తేలికైనదానిని విసరి ఒత్తిడిని చాలినంత తగ్గింపలేదు. అందుచేతనే మొదట కేసింగును, క్రింది గొట్టమును నీటితో నింపవలెను. ఆ నీరు మరల బావిలోనికి జాఱిపోకుండ గొట్టపు అడుగున ఒక తలుపు ఉండును; అదియే ఫుట్ వాల్వు. నీరు పైకి వచ్చునపుడు తెఱచుకొనును; పంపు ఆగగానే మూసికొనును. దానిలోని తోలు లేక రబ్బరు వాషరు అరిగినను, ఒక గులకరాయి అడ్డుపడినను తలుపు సరిగా మూయబడదు.

పరీక్ష సులభము. కరెంటు మెయిను ఆపి, పంపు నెత్తిన నున్న బిరడాను విప్పి, చెంబుతో నీరు పోయుడు. నిండిన నీరు పది నిమిషములు కదలక నిలిచినచో ఫుట్ వాల్వు మంచిది. పోసినకొలది దిగిపోవుచున్నచో దోషము క్రిందనున్నది. మా విద్యార్థిని యొకతె యింట తీగచుట్టు మార్పవలెనని పనివాడు చెప్పియుండెను. ఆ బాలిక ముందు నీరు పోసి చూడుడని పట్టుబట్టినది. ఆరు చెంబులు పోసినను నిండలేదు. పనివాడు తమిళుడు, నాయనమ్మకు తెలుగు తప్ప రాదు. నడుమ నిలిచి ఇరువురికి మాట అందించినది ఈ బాలికయే. గొట్టమును పైకి లాగించి చూడగా వాల్వు తలుపునకు వేపపుల్ల యొకటి అడ్డుపడియున్నది. పనివాడును మంచివాడే, నవ్వి ఒప్పుకొనెను. మోటారు పట్టణమునకు పోలేదు.

ఇచ్చట ఒక పాతవాడుక చెప్పవలెను. ఫుట్ వాల్వు కాఱుచున్నపుడు కొందఱు పేడనీరు కలిపి పంపులో పోయుదురు. పేడలోని పీచు సందులలో చిక్కుకొని కాఱుడు తగ్గును, పంపు ఎత్తుకొనును. యుక్తి మంచిదే, చేనికి పాఱించు బావిలో మేము కాదనము. త్రాగునీటి బావిలో అది తగదు. ఒకపూట సులువునకై ఇంటిల్లిపాదికి విరేచనములు తెచ్చుకొనుట ఏమి లెక్క?

నీరు నిలిచినది, మట్టము 6 మీటర్ల లోపలనే యున్నది, అయినను పంపు ఎత్తుట లేదు. లేదా ఎత్తి, కొంతసేపు ఉమ్ములుగా కక్కి ఆగిపోవుచున్నది. అపుడు పంపునకును నీటికిని నడుమ ఎచ్చటనో గాలి చొరబడుచున్నదని అర్థము. దీనిని పట్టుట కొంచెము కష్టము. ఏలయనగా పీల్చు గొట్టములోని సందు, పంపు నడచునపుడు నీటిని కార్చదు, గాలిని త్రాగును. పొడిగా నున్న అతుకును చూచి “ఇది బాగున్నది” అని పొరబడుదుము. పంపును ఆపి, గొట్టమును నీటితో నింపి చూచినచో ఆ సందే ఇపుడు చెమర్చును, చుక్కలు రాల్చును. నడచునపుడు లోపలి ఒత్తిడి వెలుపలికంటె తక్కువ. ఆగినపుడు నిలిచిన నీటిబరువుచే లోపలి ఒత్తిడి ఎక్కువ. ఒకే రంధ్రము ఒకపుడు లోనికి, ఒకపుడు వెలికి. పరీక్షలో ఈ ప్రశ్న ఎవరును అడుగరు గాని, దీనిని వివరింపగలవాడు ఒత్తిడి పాఠమును నిజముగా నేర్చినవాడని మేము ఎంచుదుము. సందు మర యతుకున నున్నచో విప్పి, జనపనార గాని టెఫ్లాను టేపు గాని చుట్టి తిరిగి బిగింపవలెను. పగిలిన గొట్టమునకు టేపు పనికిరాదు. ఆ తుంట మార్పవలసినదే.

గాలి చొరబడు మఱియొక చోటు ఇరుసు బయటికి వచ్చు గ్లాండు. త్రాడువంటి ప్యాకింగు కల పాత పంపులలో గ్లాండునుండి నెమ్మదిగా చుక్కలు పడుట దోషము కాదు. ఆ తడియే ఇరుసును చల్లగా ఉంచును. చుక్క పడరాదని పట్టుదలతో బిగించినవారు ఇరుసును అరగదీసికొందురు. క్రొత్త పంపులలో ప్యాకింగునకు బదులు మెకానికలు సీలు ఉండును; అది కాఱినచో మార్పవలెను.

ఇంతవఱకు చెప్పినది తిరుగు మోటారు మాట. మోటారు తిరుగక గుఱ్ఱుమని మూలుగుచున్నచో వెంటనే, రెండు మూడు క్షణములలో, స్విచ్చి ఆపవలెను. నిలిచిన మోటారు ఎన్నోరెట్లు ఎక్కువ కరెంటు తీసికొని వేడెక్కును. అపుడు నిజముగానే కాలును. కారణములు ముఖ్యముగా రెండు. నెలల తరబడి నడపని పంపులో తుప్పుపట్టి ఇంపెల్లరు బిగిసికొనవచ్చును. మెయిను ఆపి, ఫ్యూజు తీసివేసిన పిమ్మట పెద్దలు ఇరుసు కొనను త్రిప్పి చూడవలెను. బిగిసినది ఒక్కొక్కమాఱు ఆ త్రిప్పుటతోనే వదలును. ఇరుసు సులువుగా తిరుగుచున్నచో అనుమానము కండెన్సరుపై. ఇంటిలోని సింగిలు ఫేజు కరెంటు ఊయలవలె ముందునకు వెనుకకు ఊగునే గాని చుట్టు తిరుగదు. దానినుండి తిరుగుడు పుట్టించుటకు రెండవ చుట్టునకు కొంచెము ముందువెనుకగా కరెంటు పంపవలెను. ఆ పని కండెన్సరుది. అది పాడైన మోటారునకు బలమున్నను మొదటి అడుగు తెలియదు. కండెన్సరు వెల తీగచుట్టు వెలలో చాల తక్కువ భాగము. కాని పిల్లలు దానిని తాకరాదు: స్విచ్చి ఆపిన పిదపను అందు విద్యుత్తు నిలువయుండి కొట్టగలదు.

పొలములలోని మూడు ఫేజుల మోటారు మూలిగినచో ఒక ఫేజు రాలేదేమో చూపింపవలెను. అది తిరుగుచున్నను నీరు సన్నగా వచ్చుచున్నచో, లైను మరమ్మతు తరువాత తిరుగుడు దిక్కు మాఱినదేమో పంపుపై నున్న బాణపు గుర్తుతో పోల్చుడు. ఏవైన రెండు తీగలను తారుమారు చేసిన దిక్కు సరిపడును. అది విద్యుత్తు పనివాని చేతిపని.

లోవోల్టేజిని గూర్చి ఒక లెక్క. మోటారు యొక్క త్రిప్పుబలము వోల్టేజి వర్గమునుబట్టి యుండును. 230 వోల్టులకు బదులు 180 వోల్టులు వచ్చినచో బలము 180/230 వంతు తగ్గినదని యనుకొందుము. కాదు, దాని వర్గము, అనగా నూటికి 61 వంతులు మాత్రమే మిగులును. సాయంకాలము ఊరంతయు మోటార్లు వేయు వేళ మూలిగిన మోటారు తెల్లవాఱుజామున చక్కగా తిరుగుటకు కారణమిదియే. అట్టి వేళ ఫ్యూజు పదేపదే పోవుచున్నదని దాని స్థానమున మందపు రాగితీగ బిగించువారు కలరు. ఫ్యూజు పోవుట వ్యాధి కాదు, హెచ్చరిక. కాపలాకుక్క మొఱిగినదని దాని నోరు కట్టివేయుదుమా?

బోరు మోటారు విషయమున గట్టున చేయగల పరీక్ష కొంచెమే, కాని విలువైనది. మన ప్రాంతము గట్టి రాతినేల. నీరు రాతి పగుళ్లలో మాత్రమే ఉండును. 15 లీటర్ల బకెట్టు నిండుటకు ఎన్ని సెకనులు పట్టునో చూడుడు. 30 సెకనులు పట్టినచో నిమిషమునకు 30 లీటర్లు, గంటకు 1800 లీటర్లు. మోటారు దింపిన నాడు ఈ కొలత వ్రాసియుంచినచో నేటి కొలతతో పోల్చవచ్చును. మొదట నిండుగా వచ్చి, కొంతసేపటికి బుడగలతో సన్నగిల్లి ఆగినచో మోటారును ఆపి గంట తరువాత మరల వేయుడు. తిరిగి మొదట నిండుగా వచ్చినచో మోటారు మంచిదే. బోరు ఊట తగ్గినది. అట్టి బోరులో మోటారును ఆపక నడుపుట దానిని చంపుట. దానికి చల్లదనము నీటివలననే గదా. మొదటినుండియు నీరు తక్కువై, బోరు మూతియొద్ద చెవి పెట్టినపుడు లోపల జలజల పడు శబ్దము వినబడినచో పైపు ఎచ్చటనో తూటుపడినది. పైపులు ఎత్తుట పనివారి జట్టు చేయదగినది.

మీ చేయి ఆగవలసిన చోట్లు రెండు. తడిచేతులతో, తడినేలపై నిలిచి స్విచ్చిని గాని మోటారును గాని తాకరాదు. మోటారు ఒడలు తాకినపుడు జివ్వుమనినచో ఎర్తుతీగ తెగినదని యెఱిగి, మెయిను ఆపి, పనివానికై వేచియుండవలెను. పొలములోని మోటారునకును 30 మిల్లీ ఆంపియర్లకు తెగిపడు రక్షణస్విచ్చి పెట్టించుట వ్యర్థవ్యయము కాదు.

రెండవది బావిలోనికి దిగుట. ఫుట్ వాల్వును గొట్టముతో పైకి లాగవలెనే గాని దానికై మనిషి దిగరాదు. ఎండిన లోతుబావులలో ప్రాణవాయువు తగ్గి, గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైన బొగ్గుపులుసు గాలి అడుగున నిలిచియుండును. దానికి రంగు లేదు, వాసన తెలియదు. దీపము దింపి చూచు వాడుక పాతది. ఆఱిన దీపము అపాయమును చెప్పును. వెలుగు దీపము మాత్రము అభయమీయదు. బావిలో డీసెలు యింజను నడపిన పిదప నిలుచు కార్బను మోనాక్సైడు దీపమును ఆర్పదు, మనుష్యుని చంపును. దిగినవాడు పడిపోగా అతనిని తెచ్చుటకు తమ్ముడు, తమ్ముని తెచ్చుటకు తండ్రి దిగి, ఒకే బావిలో వరుసగా ప్రాణములు పోవుట ఇందుచేతనే. ఎవరైన పడిపోయినచో రెండవవారు దిగరాదు; 101 లేక 112కు ఫోను చేయుడు. ఈ మాటను ఇంటిలో పెద్దలకును చెప్పుడు. వినకున్న మరల చెప్పుడు.

మరమ్మతు ముగిసినపిదప గొట్టములతోడను చేతులతోడను బావిలో మురికి చేరియుండును గనుక త్రాగునీటిని శుద్ధి చేయవలెను. బావి అడ్డుకొలత 3 మీటర్లు, నీటి లోతు 2 మీటర్లు అయినచో 3.14ను 9తోను 2తోను హెచ్చించి 4చే భాగింపగా 14.13 ఘనమీటర్లు, అనగా సుమారు 14,000 లీటర్లు. మంచి బ్లీచింగు పొడి 1000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 35 గ్రాములు చాలును. పొడిని ముద్దగా కలిపి, బకెట్టు నీటిలో పలుచచేసి, సున్నము అడుగునకు దిగనిచ్చి, పైతేటను మాత్రము వేఱొక బకెట్టులోనికి వంచి త్రాటితో బావిలో దింపి పైకి క్రిందికి ఆడింపవలెను. అడుగు సున్నమును బావిలో వేయరాదు. ఈ పని రాత్రి నీళ్లు తోడుట ముగిసిన తరువాత చేసినచో, గంటకు తక్కువ కాకుండ మందు పనిచేయుటకు వ్యవధి దొరకును. మఱునాటి ఉదయము తోడిన నీటిలో కొంచెము మందు వాసన ఉండవచ్చును. కడవలో మూత తీసి యుంచినచో మధ్యాహ్నమునకు చాలవఱకు పోవును.